రెండు చెంబుల నీళ్లు

పోయిన నెల మా వీధిల పైపు పగిలి మూడు రోజులు నల్లా రాలే. రెండో రోజు పొద్దుగాల పక్కింటి వదిన వచ్చి, "మా సంపు నిన్ననే అడుగంటింది, మీకు ఇంకా ఎట్ల ఎల్తున్నయి వదినా?" అని అడిగింది. బాత్రూం తలుపు తీసి చూపించిన. ఒక బకెట్, దాని పక్కన బోర్లించిన స్టీలు చెంబు. మా సారు స్నానానికి రెండు చెంబులే. మొదటి చెంబుతోని ఒళ్లు తడుపుకొని సబ్బు రుద్దుకుంటడు, రెండో చెంబుతోని కడుక్కుంటడు. నల్లా ధారగ వచ్చే రోజు కూడ అంతే, మూడో చెంబు ముట్టడు.

"అన్నయ్యకు ఈ అలవాటు ఎక్కడిది?" అన్నది.

సముద్రం మీద అయింది అని చెప్తే నమ్మలే. చాయ్ పెట్టి కూసోబెట్టి చెప్పుడు మొదలుపెట్టిన గని, ఇంతల ట్యాంకర్ హారన్ వినపడింది. బిందెలు తీసుకొని ఉరికింది. ఆమెకు చెప్పని సగం, చెప్పిన సగం కూడ ఇక్కడ రాస్తున్న.

2014 నుంచి 2018 దాక నాలుగేండ్ల పైచిలుకు మేమిద్దరం ఒక తెరచాప పడవల బతికినం. టికెట్ కొనుక్కొని ఎక్కే టూరు కాదు. అదే మా ఇల్లు. 36 అడుగుల పొడుగు, మధ్యల పదకొండు అడుగుల వెడల్పు. అందులనే పొయ్యి, పడక, లెట్రిన్, ఇంజిను, మూడు వందల లీటర్లకు కొంచెం తక్కువ పట్టే నీళ్ల ట్యాంకు. కరీబియన్ సముద్రంల ట్రినిడాడ్ నుంచి గ్రెనేడా, కారియాకు, యూనియన్, బెక్వే, సెయింట్ విన్సెంట్ దాక ఒక్కొక్క దీవి ఎక్కుకుంట పోవుడు, మళ్ల దిగుకుంట వచ్చుడు. ఆ దీవుల చానామటుకు మన పాస్‌పోర్టుకు వీసా అడగలే. అది కూడ ఒక కారణం మేము అటు పోనీకి.

మా సారుకు నీళ్లంటే పిచ్చి. పుట్టిందే 1955ల, నాగార్జునసాగర్ డ్యాంకు పునాదిరాయి పడిన ఏడాది. మా మామ ఆ డ్యాం పనిల తాపీ మేస్త్రి. పైలాన్ కాలనీల పెరిగిండు. డ్యాం నిండుతుంటే లోయంత మునిగి, నాగార్జునకొండ చుట్టూ నీళ్లొచ్చి దీవి అయ్యేది కండ్లార చూసిండు. తర్వాత ఆ కొండకు లాంచీ నడిస్తే, డ్రైవర్ పక్కన నిలబడి చుక్కాని చక్రం ముట్టుకోనిస్తే చాలని సెలవు రోజులన్ని రేవులనే గడిపేటోడట.

నేను పుట్టింది కూడ అదే నల్లగొండ జిల్లా. మర్రిగూడ మండలం. తెలిసినోళ్లకు ఇంక చెప్పనక్కర లేదు. సాగర్ ఎడమ కాల్వ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పొలాలకు పారింది. మా ఊర్లు ఎత్తు మీద ఉండె, మాకు బోరే దిక్కు. ఆ బోరుల ఫ్లోరైడ్. మా అమ్మ నడుము యాభై ఏండ్లకే వంగింది. మా చిన్న తమ్ముడు కాళ్లు సక్కగ చాపి పండుకోలేకపోయేటోడు. నా పండ్ల మీద గోధుమరంగు గీతలు ఇప్పటికీ ఉన్నయి, ఫోటోల నోరు మూసుకొని నవ్వుతనని మా బిడ్డ కోపం చేస్తది. తాగనీకి మంచినీళ్లు కావాలంటే రెండు మైళ్ల అవతల ఒక రైతు బావి. నెత్తి మీద ఒకటి, సంకల ఒకటి. ఆ నీళ్లను ఇంట్ల మా అమ్మ పంచేది: ఇది తాగనీకి, ఇది పప్పు ఉడకనీకి, ఇది ముసలాయనకు. బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు. అంట్లు తోమిన నీళ్లు బీరపాదుకు. చెంబు లెక్క అట్ల నా చేతికొచ్చింది.

ఒక్క జిల్లాల పుట్టినం, గని ఆయన నీళ్లల్ల ఈదిండు, నేను నీళ్లు మోసిన. పెండ్లయిన కొత్తల నల్లా విప్పి పండ్లు తోముకుంట ముచ్చట చెప్తుండేటోడు. నేను పోయి కట్టేసేదాన్ని. ముప్పై ఏండ్లు అదే లడాయి.

2003ల ఆయనకు ట్రినిడాడ్‌ల పని దొరికింది. పాయింట్ లీసాస్ అనే జాగల సహజవాయువు నుంచి అమ్మోనియా తీసే ఫ్యాక్టరీలు వరుసగ ఉంటయి. బిడ్డ చదువు అయిపోయినంక 2008ల నేను పోయిన. ఆ దేశం నాకు పరాయి అనిపించలే. 1845 మే 30న మొదటి ఓడల దిగిన మన కూలీల వారసులు అక్కడ ఊర్లకు ఊర్లే ఉన్నరు. సంతల కాకరకాయ, బొబ్బెరకాయ, బెండకాయ అన్నీ దొరుకుతయి. దీపావళికి సర్కారు సెలవు.

ఆ దీవికి వాయవ్యం మూలకు చాగురామాస్ అని ఒక రేవు. తుఫాన్ల దారికి దక్షిణాన ఉంటదని వందల పడవలు ఆ కాలంల అక్కడికి వచ్చి ఒడ్డెక్కి, కట్టెల మీద నిలబడి ఉంటయి. మా సారు ఆదివారం వచ్చిందంటే అక్కడనే. పడవలోళ్లకు పంపులు, వైర్లు బాగుచేసి ఇచ్చేటోడు, పైసలు తీసుకోకపోయేటోడు. "నన్నొక రౌండు తీస్కపోండి" అనేటోడు. తెరచాప దించుడు, ఎత్తుడు, గాలిని పట్టుడు మూడేండ్లల అట్ల నేర్చుకుండు. 2013ల రిటైర్ అయిండు. అదే నెల ఒక ముసలి జంట వాళ్ల పడవ అమ్ముతున్నరు, ఆ ముసలాయనకు మోకాళ్లు పోయినయి. "ఒక్క ఏడాది చూద్దమే" అన్నడు మా సారు.

నాకు అప్పటికి యాభై రెండు. ఈత రాదు. నిచ్చెనెక్కి ఆ పడవల అడుగుపెట్టి నేను అడిగిన మొదటి మాట, "నీళ్లెట్లండి?"

మునిగిపోతనని భయపడుతున్న అనుకుండు. లైఫ్ జాకెట్ చూపించిండు. "అది కాదు, తాగనీకి?" అన్న. అప్పుడు నవ్విండు. పడక కింది పలక తీసి చూపించిండు. చిన్న పంపు, పక్కన మోచేయంత పొడుగు తెల్ల గొట్టం. సముద్రపు నీళ్లను చదరపు అంగుళానికి 800 పౌండ్ల ఒత్తిడితోని ఆ గొట్టం లోపలి పొర గుండ నెట్టితే, ఉప్పు ఇవతల ఉండిపోతది, మంచినీళ్లు అవతలికి పోతయి. గంటకు ఆరు లీటర్లు, బ్యాటరీ మీద నడుస్తది. "మన ఊర్లల్ల పెట్టిన ఫ్లోరైడ్ మిషన్ ఉంటది చూడు, అదే ఇది. దీనికి ఒత్తిడి ఎక్కువ కావాలె, అంతే" అన్నడు. అని, ఆగి, ఇంకో మాట చెప్పిండు. సముద్రం నీళ్లల్ల లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటది గని, ఫ్లోరైడ్ 1.3 మిల్లీగ్రాములే. తాగే నీళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 1.5.

నేను ఆ మెట్టు మీదనే కూసున్న. నోట్ల పోసుకోలేని సముద్రం కూడ ఆ లెక్కల హద్దు లోపలనే ఉంది. మా అమ్మ నడుము వంచిన నీళ్లు ఆ హద్దు ఎన్నడో దాటినయి. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అమ్మకు ఫోన్ చేసి చెప్పిన, పడవల ఉండబోతున్నమని. ఆమె కూడ నా లెక్కనే, "నీళ్లున్నయా బిడ్డా?" అన్నది. ఇంక నాలుగేండ్లు అదే. అక్కడ రాత్రి తొమ్మిదయితే ఇక్కడ తెల్లారి ఆరున్నర. సిగ్నల్ దొరికిన రోజు చేసేదాన్ని. ఎక్కడున్నవ్, ఏం తిన్నవ్ అనేది తర్వాత. ముందు "నీళ్లున్నయా?" చుట్టూ సముద్రం పెట్టుకున్న బిడ్డను ఆ మాట అడగాలని తోచేది మా ఊరి అమ్మలకే.

మొదటి రాత్రి ప్రయాణం చాగురామాస్ నుంచి గ్రెనేడాకు. 80 నాటికల్ మైళ్లు, అంటే 148 కిలోమీటర్లు. నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయి, సగం దూరం వెనక్కి వచ్చినంత. పొద్దూకుతుంటే బయలుదేరితే తెల్లారి తొమ్మిదింటికి చేరినం. మూడు గంటలకొకరం కాపలా. నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, తాడు పడవకు. అది విప్పొద్దని నా చేత ఒట్టేయించుకుండు. రాత్రి పన్నెండింటికి నా వంతు. ఆయన లోపల నిద్రపోయిండు. దూరంగ సముద్రం మధ్యల ఒక గ్యాస్ ప్లాట్‌ఫారం, ఊరంత దీపాలు. దాన్ని హైబిస్కస్ అంటరు. అది దాటినంక చీకటే. ధ్రువ నక్షత్రాన్ని ఎట్ల కొలవాలో అంతకుముందే చూపించిండు. చేయి చాచి పిడికిలి పడితే పది డిగ్రీలు. నల్లగొండల అయితే అది 17 డిగ్రీల ఎత్తుల ఉంటది, గ్రెనేడా కాడ 12. ఒక పిడికిలి మీద కొంచెం. మా వాకిట్ల మంచం మీద పండుకొని చూసిన చుక్క అంత కిందికి దిగొచ్చి నీళ్లకు దగ్గరగ కనపడుతుంటే భయం తగ్గింది. ఎందుకు తగ్గిందో చెప్పలేను. తెలిసిన మనిషి ఎదురయినట్టు ఉండె.

ఆ దీవులు ఉత్తరం దక్షిణంగ ఒక దండ లెక్క ఉంటయి. గాలి ఏడాది పొడుగునా తూర్పు నుంచే వీస్తది. అంటే ఎటు పోయినా గాలి పక్క నుంచే, తెరచాపకు అంతకంటె సుఖం లేదు. డిసెంబర్, జనవరిల మాత్రం క్రిస్మస్ గాలులని వస్తయి, అప్పుడు రెండు మూడు వారాలు ఒక్క కాడనే లంగరేసి కూసునేటోళ్లం. జూన్ 1 నుంచి నవంబర్ ఆఖరు దాక తుఫాన్ల కాలం, దక్షిణానికి దిగిపోయేటోళ్లం. గ్రెనేడాకు ఉత్తరాన సముద్రం అడుగున కిక్-ఎమ్-జెన్నీ అని ఒక అగ్నిపర్వతం ఉంది. దాని మీది నుంచి పోవద్దు, ఊరికె ఉన్నప్పుడు కూడ కిలోమీటరున్నర ఎడం పాటించాలె. ఆ పక్క నుంచి పోయినప్పుడల్ల నేను మైసమ్మకు దండం పెట్టుకునేదాన్ని.

పొద్దుగాల అయిదున్నరకు లేచేటోళ్లం. ముందు బ్యాటరీ మీటరు. 12.6 వోల్టులు చూపిస్తే మనసు నిమ్మలం, 12.2కు దిగితే ఫ్రిజ్ బంద్. పాలపొడి చాయ్. ఏడున్నరకు గ్రెనేడా రేవుల్ల రేడియో ఛానల్ 68ల పడవలోళ్లందరి ముచ్చట: గాలి ఎట్లుంది, వాన ఉందా, ఎవరికి ఏ సామాను కావాలె, ఎవరు సంతకు పోతున్నరు. కొత్తల నాకు ఒక్క ముక్క అర్థం కాలే. ఏడాదికల్ల నేనే మైకు పట్టి మాట్లాడిన. ఎండ ఎక్కకముందే మా సారు నీళ్లల్ల దుంకి లంగరు చూసి వచ్చేటోడు, ఇసుకల దిగబడిందా, జారిందా అని. లోతు అయిదు మీటర్లయితే గొలుసు ఇరవై అయిదు మీటర్లు వదలాలె. ఆ గొలుసు మీద మా ఇద్దరి పానం.

వంట నాది. పొయ్యి పడవతోని పాటు ఊగుతది, గిన్నె ఒరగకుంట. కుక్కర్ మూత పెట్టే ఉంచేదాన్ని, ఊపుకు ఒలికినా కాలదని. కందిపప్పుకు బాధ లేకుండె, ఆ దీవులంత కందే. డిసెంబర్, జనవరిల పచ్చి కందికాయ కుప్పలు పోసి అమ్ముతరు. ఉడకబెట్టి ఉప్పేసుకొని తింటుంటే పాలమూరుల మా మేనత్త చేను మీద కూసున్నట్టుండేది. జొన్నపిండి దొరకలే. మక్కపిండి రొట్టె చేసిన. కారియాకుల చింతచెట్లు దండిగ ఉన్నయి. వాళ్లు చింతపండును చక్కెరల పొర్లించి ఉండలు చేసుకుంటరు, చిగురు ముట్టరు. చిగురంత నాదే.

పుంటికూర (గోంగూర) సంగతి చెప్పాలె. మొదటి క్రిస్మస్ నెల, గ్రెనేడా సంత. ఒక పెద్దామె ముందర ఎర్రటి పువ్వుల లెక్క ఏవో కుప్ప పోసుకుంది. సోరెల్ అంటరు, ఎండబెట్టి, అల్లం, లవంగం వేసి షర్బత్ చేసుకుంటరు పండుగకు. నేను ఒకటి చేతిలకు తీసుకొని చూసిన. కొరికిన. పులుపు. గింజ మీది ఆ ఎర్ర రేకులు, మన పుంటికూర కాయ మీద ఉండేటివే. "దీని ఆకులేవి?" అని అడిగితే పక్కన పారేసిన కట్టెల మోపు చూపించింది. ఆకులు వాడిపోయినయి గని కొనలకు ఇంకా పచ్చిగనే ఉన్నయి. నేను అక్కడనే కింద కూసుండి గిల్లుడు మొదలుపెట్టిన. ఆమె "మేకలున్నయా నీకు?" అని అడిగింది. లేదు, మేమే తింటమని చెప్పిన. ఆ పొద్దు పడవల పచ్చిమిరపకాయలు వేసి పుంటికూర పప్పు. మా సారు కండ్లు మూసుకొని తిన్నడు, ఏం మాట్లాడలే. మరుసటి వారం ఆమెకు ఒక డబ్బల పచ్చడి పట్టుకపోయి ఇచ్చిన. మందారం జాతే అది, హైబిస్కస్. నడి సముద్రంల ఆ దీపాల గుట్టకు ఆ పేరు ఎవరు పెట్టిన్రో గని, నాకు మాత్రం అది పుంటికూర ప్లాట్‌ఫారమే.

కొత్త దేశం నీళ్లల్లకు పోతే పసుపు జెండా ఎగరేయాలె. ఒడ్డుకు పోయి కస్టమ్స్, ఇమిగ్రేషన్ కాయితాలు అయినంక పసుపు దించి, ఆ దేశం జెండా కట్టాలె. జెండాలు నేనే కుట్టిన. సెయింట్ విన్సెంట్‌ది సులువు: నీలం, పసుపు, ఆకుపచ్చ, నడుమ మూడు ఆకుపచ్చ వజ్రాలు. గ్రెనేడాదే కష్టం. ఎడమ పక్క జాజికాయ ఉంటది. రెండు రాత్రులు టార్చిలైట్ కింద పసుపు దారంతోని తొక్క, ఎర్ర దారంతోని గింజ కుట్టిన. ఇమిగ్రేషన్ ఆఫీసరు కిటికీల నుంచి జెండాను చూసి, బయటికొచ్చి, "జాజికాయ ఎవరు కుట్టింది?" అని అడిగిండు. వాళ్ల నాయనకు జాజితోట ఉండెనట, 2004ల ఐవాన్ తుఫాన్‌ల చెట్లన్ని కూలినయట. ముద్రేసే ముందు ఆ ముచ్చటే చానసేపు చెప్పిండు.

సెయింట్ విన్సెంట్‌ల ఒక ముసలామెను కలిసినం. 1861 జూన్ 1న ట్రావన్‌కోర్ అనే ఓడల మద్రాసు నుంచి అక్కడికి కూలీలు దిగిన్రు, ఆమె వాళ్ల సంతతి. నా చెయ్యి పట్టుకొని వదలలే. వాళ్ల తాతముత్తాతలది ఏ ఊరో ఆమెకు తెలువది. మద్రాసు అనే మాట ఒక్కటే మిగిలింది. "నీ ఊరు పేరు చెప్పు" అన్నది. నల్లగొండ అన్న. రెండు మూడు సార్లు పలికి చూసుకుంది. ఆమె నోట్ల అది తిరగలే. అయినా తల ఊపింది, ఏదో గుర్తొచ్చినట్టు.

ఇంక ఆ ఎండాకాలం. 2016.

ఏప్రిల్‌ల ఒక యార్డుల పడవ ఒడ్డెక్కించి అడుగుకు రంగు వేయించినం. అక్కడి మెకానిక్ మంచి చేస్తున్న అనుకొని మా నీళ్ల మిషన్‌ను నల్లా నీళ్లతోని కడిగిండు. నల్లా నీళ్లల్ల క్లోరిన్ ఉంటది, క్లోరిన్ తగిలితే ఆ లోపలి పొర పాడయితది. మాకు తెల్వదు. ట్యాంకు సగం నింపుకొని బయలుదేరి టొబాగో కేస్‌కు పోయినం. మనుషులు లేని అయిదు చిన్న దీవులు. గుర్రపు నాడా లెక్క పగడపు దిబ్బ అలలను ఆపుతది, గాలి మాత్రం నేరుగ సముద్రం నుంచే వస్తది. ఆ నీళ్ల రంగు నాకు చెప్పరాదు. తాబేళ్లు పడవ పక్కకే వచ్చి మూతి పైకెత్తి ఊపిరి పీల్చుకొని పోతయి. మా పెండ్లయినంక అంత సంతోషంగ ఉన్న రోజులు అవే అనుకుంట.

నాలుగో రోజు మిషన్ పెట్టి, వచ్చిన నీళ్లు నాలిక మీద వేసుకుంటే ఉప్పు. మళ్ల పెట్టినం. ఉప్పే. ట్యాంకుల ఎనభై లీటర్లున్నయి. పక్కన యూనియన్ దీవికి పోయి అడిగితే, వాళ్లకే లేవు. ఆ చిన్న దీవులల్ల ఏరు లేదు, వాగు లేదు. ఇంటి కప్పు మీద పడ్డ వానను ఇంటి కింద సంపుల దాచుకొని ఏడాదంత ఎల్లదీస్తరు. జనవరి నుంచి మే దాక వాళ్లకు ఎండాకాలం. ఒక ఇంటామె సంపు మూత ఎత్తి అడుగున జానెడు నీళ్లు చూపించింది. చూపించి, అయినా ఒక సీసా నింపి ఇచ్చింది. నేను ఆ సీసా తీసుకోలేకపోయిన. మా ఊర్ల ఎవరూ అట్ల తీసుకోరు. ఆమె ఊకోలే, నా సంచిల పెట్టింది.

మిషన్ సామాను దక్షిణం నుంచి రావాలె, రెండు వారాలన్నరు. అప్పుడు నేను నోటుబుక్ తీసి గీత గీసిన. ఇద్దరికి రోజుకు ఆరు లీటర్లు. తాగనీకి నాలుగు, వంటకు రెండు. అన్నం మంచినీళ్లల్ల కొన్ని సముద్రపు నీళ్లు కలిపి వండితే ఉప్పు వేరే అక్కర లేదు. అంట్లు సముద్రంల. స్నానం సముద్రంల, పైన తుడుచుకోనీకి తడిగుడ్డ. మా సారు మూడు రోజులు ఓర్చుకుండు. నాలుగో రోజు పొద్దుగాల పుక్కిలించనీకి నల్లా విప్పిండు, అలవాటు కొద్ది. నేను చూసిన. ఏం అనలే. ఆయన నా మొకం చూసి కట్టేసిండు. ఆ పగలు పడవ ముందటి భాగంల ఒక్కడే చానసేపు కూసుండు. పొద్దుగూకినంక వచ్చి, "మీ ఊర్ల రోజూ ఇట్లనేనా?" అన్నడు. పెండ్లయి ముప్పై అయిదేండ్లు. మా ఊరికి ఎన్నిసార్లు వచ్చిండో. ఆ మాట అడుగుడు అదే మొదలు. ఆ రాత్రి నేను చెప్తూ పోయిన, ఆయన వింటూ పోయిండు. బావి, నెత్తి మీద చుట్టగుడ్డ, దారిల ఒలికితే అమ్మ కొట్టిన దెబ్బ, తమ్ముడు అన్ని.

పదకొండో రాత్రి, రెండు దాటింది. గాలి ఆగింది. గాలి ఆగుడే గుర్తు. తూర్పున చుక్కలు మాయమయినయి. మా సారు లేచి, "పట్టా తియ్యే" అన్నడు. ఎండకు కట్టే పెద్ద పట్టా నడుమ ఒక తూము కుట్టి ఉంటది, దానికి పైపు. నాలుగు మూలలు కట్టేలోపల గాలి గంటకు యాభై అయిదు కిలోమీటర్లకు లేచింది, పడవ గిర్రున తిరిగింది. వాన అడ్డంగ కొట్టింది. పట్టా మీద నెలల ఉప్పు పేరుకొని ఉంది, మొదటి నీళ్లు పనికిరావు. ఆయన పైపు మూతి దగ్గర నాలిక పెట్టి రుచి చూసుడు, "ఉప్పే" అనుడు. మళ్ల చూసుడు, "ఇంకా ఉప్పే." నేను ట్యాంకు మూత మీద చెయ్యి పెట్టుకొని కూసున్న. ఎంతసేపో తెల్వదు. "ఇప్పుడు పట్టు!" అని ఒర్రిండు.

ట్యాంకు, బకెట్లు, కుక్కర్, గంజు, చాయ్ గిన్నె, ఆఖరికి మూతలు కూడ పెట్టిన. ఒడ్డుకు పోయే చిన్న డింగీ పడవ పక్కన కట్టి ఉంటే అది కూడ సగం నిండింది. వాన ఆగినంక చీకట్లనే ఆ డింగీల కూసుండి పదకొండు రోజుల తర్వాత తల పోసుకున్న. ఉప్పుకు జడ గట్టిన వెంట్రుకలు వాన నీళ్లకు విడిపోయినయి, కొబ్బరి పీచు మెత్తబడ్డట్టు. మా సారు పైనుంచి చెంబుతోని పోసిండు. ఒకటి పోసిండు. రెండోది పోసిండు. "చాలా?" అన్నడు. చాలన్న. అంత నీళ్లు పెట్టుకొని కూడ చాలన్న. ఆ రోజు నుంచి ఆయన లెక్క కూడ రెండు చెంబులే.

మరుసటి రోజు యూనియన్ దీవికి పోయి ఆ ఇంటామెకు సీసా వాపసు ఇచ్చినం. ఆమె సంపుల కూడ నీళ్ల చప్పుడు వినపడుతుండె.

బతుకమ్మ కాలం వచ్చే వరకు మేము ఎప్పుడూ గ్రెనేడా దక్షిణం రేవులల్లనే. తంగేడు లేదు, గునుగు లేదు. పసుపు అలమండ పూలు, కాయితం పూలు, మందారాలు. పళ్లెంల పేర్చి, పసుపు గౌరమ్మను పెట్టి, పక్క పడవల ఆడోళ్లను పిలిచిన. చప్పట్లు కొట్టుడు వాళ్లకు అర్ధగంటల వచ్చింది. మా ఊర్ల కరువు ఏండ్లల్ల చెర్వు ఎండితే బతుకమ్మను ఇంటి ముందటి గోలెంల నీళ్లల్ల ఆనిచ్చి మళ్ల తీసేటోళ్లం. ఇక్కడ నీళ్లల్ల వదిలితే ఆమె అట్ల పడమటికి పోతనే ఉండె, కనపడనంత దూరం.

పడవను 2018 మేల కారియాకు దీవి టిరెల్ బేల ఒక చిన్న వయసు జంటకు అమ్మినం. అమ్మకు బాగలేదని ఫోన్ వచ్చింది. వాళ్లకు నీళ్ల నోటుబుక్ కూడ ఇచ్చిన. 2024 జూలై 1న బెరిల్ తుఫాన్ నేరుగ కారియాకు మీదికే వచ్చింది. ఆ వారమంత మేమిద్దరం ఫోన్ల ఫోటోలు చూస్తనే ఉన్నం. టిరెల్ బే పక్కన మడ చెట్ల నడుమ తుఫాన్‌కు దాచుకునే జాగ ఉంటది. అక్కడ పడవలు ఒకదాని మీద ఒకటి కుప్ప పడి ఉన్నయి. మా సారు వేలితోని పెద్దగ చేసి చేసి చూసిండు. మాది కనపడలే. యూనియన్ దీవిల కప్పు ఉన్న ఇల్లు ఒక్కటి కనపడలే. కప్పు లేదంటే సంపుల నీళ్లు లేవు. నాకు ఆ సీసా ఇచ్చిన ఆమె యాది వచ్చింది, అన్నం సహించలే.

మేము ఊరికి వచ్చేసరికి అమ్మ మంచం పట్టింది. మిషన్ భగీరథ నల్లా అప్పటికి ఇంటి ముందట పెట్టిన్రు, కృష్ణ నీళ్లు. ఎనభై ఏండ్లు దాటినంక ఆమె వాకిట్లకు కృష్ణ వచ్చింది. తమ్ముడు గ్లాసుల పోసి ఇస్తే పట్టుకొని చూసేది, తాగే ముందు. నేను జాజికాయలు తెచ్చిన, జాపత్రి తెచ్చిన, ఎండబెట్టిన ఎర్ర పుంటికూర రేకులు తెచ్చిన. అన్నీ ముట్టుకొని చూసింది.

"సముద్రం నీళ్లు మంచినీళ్లు చేసుకున్నమంటివి గద, ఒక సీసల పట్టుకరాకపోతివి" అన్నది.

"మర్చిపోయిన అమ్మా."

"పోనీ తియ్. ఎట్లుంటయి?"

వాన నీళ్ల లెక్కనే ఉంటయని చెప్పిన. ఏ రుచీ ఉండదని.

"అయితే మంచియే" అన్నది.